గ్యారీస్ మాడ్ కన్సోల్: ఏ కమాండ్ ఎవరి మాట వింటుంది?

గ్యారీస్ మాడ్ ఆడేవాళ్లు కన్సోల్ (ఆటలోనే కమాండ్లు టైప్ చేసే పెట్టె) గురించి ఏం అడిగినా చివరికి ఒకే ఫిర్యాదు దగ్గర తేలుతుంది: "కమాండ్ కరెక్ట్‌గానే కొట్టాను, పనిచేయట్లేదు." స్పెల్లింగ్ తప్పేమీ ఉండదు. ఇంట్లో ఒక్కరే ఆడుకుంటున్నప్పుడు అదే లైన్ చక్కగా పనిచేసి ఉంటుంది. ఫ్రెండ్ సర్వర్‌లో కొట్టేసరికి కన్సోల్ ఎర్రర్ ముక్క ఒకటి విసిరేసి ఊరుకుంటుంది. నెట్‌లో దొరికే "టాప్ 50 కమాండ్స్" లాంటి లిస్టులు ఈ చిక్కు విప్పలేవు. అవి ఏం టైప్ చేయాలో చెప్తాయి గానీ, టైప్ చేసింది ఎక్కడ అమలవుతుందో, అలా అమలు చేయించే హక్కు ఎవరికుందో చెప్పవు. గొడవంతా అక్కడే ఉంది.

ముందు ఈ ఆట సంగతి రెండు ముక్కల్లో. గ్యారీ న్యూమన్ దీన్ని 2004 డిసెంబర్ 24న హాఫ్-లైఫ్ 2 అనే షూటింగ్ ఆటకు, దాన్నే మార్చి చేసిన ఉచిత మాడ్‌గా విడుదల చేశారు. 2006 నవంబర్ 29న ఆన్‌లైన్ గేమ్ స్టోర్ స్టీమ్‌లో అమ్మకానికి వచ్చింది. 2021 నాటికి అమ్ముడైన కాపీలు 2 కోట్లు దాటాయి. గెలవాల్సిన లెవెల్ లేదు, పూర్తి చేయాల్సిన కథా లేదు. మ్యాప్, డ్రమ్ములు, బల్లలు, బొమ్మలు, వాటిని అతికించే టూల్ గన్ ఇచ్చి మీ ఇష్టం అని వదిలేస్తుంది. ఆడేది ఆటగాళ్లే, రూల్స్ పెట్టుకునేదీ వాళ్లే. మామూలు షూటింగ్ ఆటలో కన్సోల్ జోలికి పోకుండానే ఏళ్లు గడిపేయొచ్చు. ఇక్కడ మాత్రం ఎప్పుడో ఒకప్పుడు తెరవక తప్పదు.

కన్సోల్‌ను గ్యారీస్ మాడ్ కనిపెట్టలేదు, వారసత్వంగా అందుకుంది. 1993లో వచ్చిన డూమ్‌లో చీట్ కోడ్ అంటే ఆట నడుస్తుండగానే గుడ్డిగా కొట్టే అక్షరాల వరస. 1996లో అదే కంపెనీ తెచ్చిన క్వేక్‌లో ఆట పైభాగం నుంచి పరదాలా దిగే కన్సోల్ ఉండేది. బైండ్, గాడ్, నోక్లిప్, ఇంపల్స్ అనే మాటలన్నీ అందులోనే ఉన్నాయి. 1998 నాటి హాఫ్-లైఫ్ ఆటను నడిపే ఇంజిన్‌కు మూలం క్వేక్ ఇంజినే. దాని తర్వాతి తరం సోర్స్ ఇంజిన్ 2004లో వచ్చింది, గ్యారీస్ మాడ్ దాని మీదే నడుస్తుంది. మన ఊళ్లలో నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడినవాళ్లకు ఈ ఇల్లంతా తెలిసినదే. పక్క సిస్టమ్‌లోని గేమ్‌లో చేరడానికి కన్సోల్ తెరిచి "కనెక్ట్" అని ఐపీ అడ్రస్ కొట్టినది ఇక్కడే కదా.

కన్సోల్ తెరవాలంటే ఆప్షన్స్‌లో కీబోర్డ్ ట్యాబ్, అందులో అడ్వాన్స్‌డ్ బటన్, అందులో డెవలపర్ కన్సోల్ టిక్. ఆ తర్వాత ఎస్కేప్ కింద, ట్యాబ్ పైన ఉండే టిల్డే కీ నొక్కాలి. సిస్టమ్‌లో తెలుగు కీబోర్డ్ ఆన్ చేసి మరిచిపోయినవాళ్లకు ఈ కీ మొరాయిస్తుంది. ముందు ఇంగ్లిష్‌కి మార్చుకోండి. ఇంకో మాట: కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ఆటలో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, కింది గీత ఉన్నచోట అండర్‌స్కోర్‌తో కొట్టాలి. ఎస్‌వీ_గ్రావిటీ అంటే ఎస్, వీ, అండర్‌స్కోర్, ఆ తర్వాత గ్రావిటీ.

కన్సోల్‌లో కొట్టే మాటలు రెండు రకాలు. ఒకటి నిజమైన కమాండ్, అంటే ఒక పని. కిల్ అని కొడితే మీ పాత్ర చస్తుంది, స్టాప్‌సౌండ్ అంటే మోగుతున్న శబ్దాలన్నీ ఆగిపోతాయి. ఈ రెండోది నాకు భలే ఇష్టం. ఎవరో పెట్టిన సైరన్ లూప్‌లో పడి అరుస్తుంటే చెవులను కాపాడేది ఇదే. రెండో రకం వేరియబుల్, ఒక విలువను దాచుకునే పెట్టె. దీన్ని కన్‌వార్ అంటారు. ఎస్‌వీ_గ్రావిటీ అని మాత్రమే కొడితే ఏదీ మారదు, ప్రస్తుత విలువ చెప్పి ఊరుకుంటుంది. పక్కన ఖాళీ వదిలి 100 అని రాస్తే విలువ మారుతుంది. "పేరు కొట్టాను, ఏం కాలేదు" అనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తీరిపోతాయి.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి లిస్టులు బట్టీ పట్టనక్కర్లేదు. ఫైండ్ అని రాసి పక్కన ఒక మాట ఇస్తే, ఆ మాట పేరులో గానీ వివరణలో గానీ ఉన్నవన్నీ బయటపడతాయి. హెల్ప్ అని రాసి పూర్తి పేరు ఇస్తే దాని జాతకం వస్తుంది. హెల్ప్ ఎస్‌వీ_గ్రావిటీ కొట్టి చూడండి. ముందు పేరు, పక్కన విలువ 600. మీరు ఈలోగా మార్చి ఉంటే అసలు డిఫాల్ట్ ఎంతో కూడా పక్కనే చూపిస్తుంది. ఆ తర్వాత నోటిఫై, రెప్లికేటెడ్ అనే రెండు మాటలు, చివర ఇది ప్రపంచపు గురుత్వాకర్షణ అని ఒక చిన్న వివరణ. చాలామంది కళ్లు విలువ దగ్గరే ఆగిపోతాయి. మధ్యలో ఉన్న ఆ రెండు మాటలే అసలైనవి. వాటిని ఫ్లాగ్స్ అంటారు. ఈ పెట్టెను ఎవరు తెరవొచ్చు, తెరిస్తే ఎవరికి తెలుస్తుంది, ఆట ఆపేశాక విలువ నిలుస్తుందా అన్నవన్నీ అవే చెప్తాయి.

నోటిఫై ఉందంటే, విలువ మారిన వెంటనే సర్వర్‌లో ఉన్న అందరి చాట్‌లోనూ ఫలానా విలువ ఇంతకు మారింది అని ఒక లైన్ పడుతుంది. గుట్టుగా గ్రావిటీ తగ్గించి జనాన్ని గాల్లో తేలుద్దామనుకుంటే కుదరదు. రెప్లికేటెడ్ ఉందంటే, సర్వర్‌లో ఏ విలువ ఉంటే ప్రతి ఆటగాడి మెషీన్‌లోనూ అదే ఉండి తీరాలి. మీరు అతిథిగా వెళ్లిన సర్వర్‌లో ఎస్‌వీ_గ్రావిటీ 100 కొడితే, రెప్లికేటెడ్ వేరియబుల్‌ను క్లయింట్ (అంటే ఆటలో చేరిన మీ మెషీన్) కన్సోల్ నుంచి మార్చలేరు, సర్వర్ నడిపేవారే మార్చగలరు అని జవాబొస్తుంది. మీరు తప్పు కొట్టారని ఆ జవాబుకు అర్థం కాదు. మీది కాని స్విచ్ మీద చెయ్యేశారని అర్థం.

అపార్ట్‌మెంట్‌లో మీ ఫ్లాట్‌లో లైట్లు, ఫ్యాన్లు మీ ఇష్టం. నీళ్ల మోటార్ స్విచ్ మాత్రం కింద వాచ్‌మన్ దగ్గరుంటుంది. అది ఎప్పుడు వేయాలో ఫ్లాట్ నంబర్ చెప్పి బతిమాలుకోవాల్సిందే. క్లయింట్, సర్వర్ సంబంధం కూడా ఇంతే. మీ స్క్రీన్ మీద బొమ్మ ఎలా గీయాలి, సౌండ్ ఎంత ఉండాలి, మౌస్ ఎంత వేగంగా కదలాలి అన్నవి క్లయింట్ పనులు. ఎవరికి ఎంత హెల్త్ ఉంది, ఏ డ్రమ్ము ఎక్కడ పడింది, ఎన్ని వస్తువులు పుట్టించొచ్చు అన్నవి సర్వర్ లెక్కలు. పేరు ముందున్న రెండు మూడు అక్షరాలు చాలావరకు దీన్ని పట్టిస్తాయి. ఎస్‌వీ అంటే సర్వర్, సీఎల్ అంటే క్లయింట్. మ్యాట్, ఆర్ అనేవి బొమ్మ గీయడానికి సంబంధించినవి. ఎస్‌బాక్స్ అంటే శాండ్‌బాక్స్ మోడ్ (కథ, పోటీ లేకుండా కట్టుకుంటూ ఆడేది) సొంత రూల్స్.

ఒక్కరే ఆడుతున్నప్పుడు సర్వర్ ఎక్కడిది అని అడగొచ్చు. ఉంది, మీ మెషీన్‌లోనే. సింగిల్ ప్లేయర్ మొదలుపెట్టగానే ఇంజిన్ లోపల ఒక సర్వర్ నడవడం మొదలవుతుంది, మీరు దానికి ఉన్న ఒకే ఒక క్లయింట్. రెండు వైపులా మీరే కాబట్టి ఏది కొట్టినా పనిచేస్తుంది, తేడా కంటపడదు. హైదరాబాద్‌లో ఉన్న మీ ఫ్రెండ్ గేమ్ తెరిచి, డల్లాస్ నుంచి మీరు చేరారనుకోండి. సర్వర్ మొత్తం అతని మెషీన్‌లో ఉంది. కన్సోల్ ఇద్దరికీ ఒకేలా కనిపిస్తుంది గానీ అతను కొట్టే ఎస్‌వీ లైన్‌కు ఉన్న బలం మీ లైన్‌కు లేదు. గేమ్ ఎవరు హోస్ట్ చేయాలో ముందే మాట్లాడుకోవడం మంచిది. కమాండ్లు తెలిసినవాడు హోస్ట్ చేస్తే మిగతావాళ్లు ప్రతిదానికీ "అది ఆన్ చెయ్, ఇది ఆఫ్ చెయ్" అని చాట్ చేస్తూ కూర్చోవాల్సిన పనుండదు.

డెడికేటెడ్ సర్వర్ అయితే ఇంకో మెలిక. అందులో ఆడే మనిషే ఉండడు, సర్వర్ ప్రోగ్రామ్ విడిగా ఎక్కడో నడుస్తుంది. దాన్ని అద్దెకు తీసుకున్న ఓనర్ కూడా ఆటలో చేరితే ఇంజిన్ దృష్టిలో మామూలు క్లయింటే. యూఎల్ఎక్స్ లాంటి అడ్మిన్ యాడాన్ (ఆటకు అదనంగా చేర్చుకునే స్క్రిప్టు) పెట్టుకుని తనకు తాను సూపర్ అడ్మిన్ హోదా ఇచ్చుకున్నా, తన కన్సోల్‌లో నేరుగా ఎస్‌వీ_గ్రావిటీ మారదు. సూపర్ అడ్మిన్ అనేది లువా భాషలో రాసిన స్క్రిప్టుల లోకంలో పదవి, ఇంజిన్‌కు దాంతో పని లేదు. ఆర్‌కాన్ పాస్‌వర్డ్ ఇచ్చి ఆర్‌కాన్ అనే మాట (దూరం నుంచి సర్వర్ కన్సోల్‌ను నడిపే కమాండ్) ముందు పెట్టి లైన్ పంపాలి, లేదా యూఎల్ఎక్స్ ఆర్‌కాన్ వాడాలి. అప్పుడే ఆ లైన్ సర్వర్ సొంత కన్సోల్‌లో కొట్టినట్టు లెక్క. కొత్తగా సర్వర్ పెట్టినవాళ్లకు మొదటి రోజు వచ్చే టెన్షన్‌లో ఎక్కువ భాగం దీనిదే: "ఓనర్ని నేనే, నన్నే ఆపుతోందేంటి?"

ఎవరి లైన్ ఎటు పోయిందో గుర్తుపట్టడానికి గ్యారీస్ మాడ్ రంగులు కూడా ఇస్తుంది. లువా ఎర్రర్ లేత నీలంలో వస్తే సర్వర్ వైపుది, పసుపులో వస్తే క్లయింట్ వైపుది. యాడాన్ చెడిపోయిందని సాయం అడిగేవాళ్లు స్క్రీన్‌షాట్‌లో ఆ రంగు కనిపించేలా పెడితే సగం ప్రశ్నలు అడగకుండానే పోతాయి.

రెండు వైపుల మధ్య నడిచే వేరియబుల్స్ కూడా ఉన్నాయి. టూల్ గన్‌లో బెలూన్ టూల్ తీసుకుని, కుడివైపు స్లైడర్‌తో బెలూన్ ఎంత బలంగా పైకి లాగాలో పెడతారు కదా. ఆ స్లైడర్ మార్చేది బెలూన్_ఫోర్స్ అనే కన్‌వార్‌ను. అది మీ మెషీన్‌లోనే ఉంటుంది, మీ పక్కనున్నవాడి విలువ వేరు. కానీ బెలూన్‌ను పుట్టించేది సర్వర్, దానికి మీ విలువ తెలియాలి. అందుకే ఇలాంటివాటికి యూజర్‌ఇన్ఫో అనే ఫ్లాగ్ ఉంటుంది: విలువ మీది, చదువుకునే వీలు సర్వర్‌ది. రెప్లికేటెడ్‌లో సమాచారం సర్వర్ నుంచి మీ దగ్గరికి దిగుతుంది, ఇందులో మీ దగ్గర్నుంచి సర్వర్‌కు ఎక్కుతుంది. మెనూలో నొక్కేవి కూడా కన్సోల్ మీద నడిచేవే. కొత్త గేమ్ పేజీలో కనిపించే సర్వర్ సెట్టింగ్స్, క్యూ కీ నొక్కితే వచ్చే మెనూలోని యుటిలిటీస్ ట్యాబ్‌లో క్లీనప్ బటన్, అన్నీ లోపల కన్సోల్ లైన్లే.

ఇక చీట్స్ సంగతి. గాడ్ కొడితే దెబ్బే తగలదు. బుద్ధ కొడితే దెబ్బ తగులుతుంది గానీ హెల్త్ 1 దగ్గర ఆగిపోతుంది. ఇంపల్స్ 101 ఆయుధాలన్నీ చేతికిస్తుంది. హోస్ట్_టైమ్‌స్కేల్ కాలాన్నే నెమ్మదింపజేస్తుంది. ఇలాంటివాటి మీద చీట్ అనే ఫ్లాగ్ ఉంటుంది. మల్టీప్లేయర్‌లో సర్వర్ ఎస్‌వీ_చీట్స్ 1 పెడితే తప్ప అవి కదలవు. ఆ ఎస్‌వీ_చీట్స్ కూడా రెప్లికేటెడ్ వేరియబులే, కాబట్టి తాళం చెవి సర్వర్ జేబులోనే ఉంటుంది. "ముందు ఎస్‌వీ_చీట్స్ 1 కొట్టు, తర్వాత గాడ్ కొట్టు" అని ఎవరైనా సలహా ఇస్తే, అది హోస్ట్‌కి ఇచ్చిన సలహా, మీకు కాదు.

కొత్తవాళ్లకు వింతగా అనిపించేది ఇంకోటి. బొమ్మ గీయడం క్లయింట్ పని అన్నాం కదా, మరి మ్యాట్_వైర్‌ఫ్రేమ్, మ్యాట్_ఫుల్‌బ్రైట్ లాంటివి నా స్క్రీన్ మీదే మారితే సర్వర్‌కేం నష్టం, వాటికెందుకు చీట్ తాళం? ఎందుకంటే మీ మెషీన్ దగ్గర మ్యాప్ మొత్తం ఉంది, గోడ అవతల ఉన్న మనుషుల ఆచూకీ కూడా చాలాసార్లు ఉంటుంది. గోడల్ని గీతలుగా గీయమంటే అవతల ఎవరు దాక్కున్నారో కనిపించేస్తుంది. ట్రబుల్ ఇన్ టెర్రరిస్ట్ టౌన్, ప్రాప్ హంట్ లాంటి మోడ్‌లలో ఆటంతా దాక్కోవడం, కనిపెట్టడం మీదే నడుస్తుంది. అక్కడ ఈ ఒక్క లైన్ చాలు ఆటను పాడు చేయడానికి. కాబట్టి పని జరిగేది క్లయింట్‌లోనైనా, అనుమతి మాత్రం సర్వర్ చేతిలో పెట్టారు.

సర్వర్ మళ్లీ ఎస్‌వీ_చీట్స్ 0 పెడితే, చీట్ ఫ్లాగ్ ఉన్న వేరియబుల్స్ అన్నీ డిఫాల్ట్‌కు తిరిగిపోతాయి. స్క్రీన్‌షాట్ల కోసం కష్టపడి హెచ్‌యూడీ (స్క్రీన్ మీది హెల్త్, బుల్లెట్ల అంకెలు) తీసేసి, తుపాకీ మాయం చేసి అన్నీ సెట్ చేసుకున్నవాళ్లు చీట్స్ ఆపగానే మొత్తం పోయిందని వాపోతుంటారు. అది బగ్ కాదు, కావాలనే అలా పెట్టారు.

నోక్లిప్‌ది ప్రత్యేకమైన కేసు. మామూలు సోర్స్ ఆటల్లో గోడల్లోంచి ఎగరడం పక్కా చీట్. శాండ్‌బాక్స్‌లో అది రోజువారీ నడక లాంటిది, వీ కీ నొక్కితే చాలు, ఎస్‌వీ_చీట్స్‌తో పనే లేదు. దాన్ని ఎస్‌బాక్స్_నోక్లిప్ అనే వేరే స్విచ్ నడుపుతుంది. అలాగే అందరికీ చావు లేకుండా చేయాలంటే హోస్ట్ ఎస్‌బాక్స్_గాడ్‌మోడ్ 1 పెట్టొచ్చు. నా ఉద్దేశంలో ఇల్లు కట్టుకుంటూ, బండ్లు తయారు చేసుకుంటూ గడిపే సర్వర్‌కు చీట్స్ తెరవాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. ఎస్‌బాక్స్ స్విచ్‌లతోనే పని అయిపోతుంది. చీట్స్ తెరిస్తే మీరు అనుకున్న ఒక్క కమాండే కాదు, ఆ తాళం కింద ఉన్నవన్నీ అందరికీ తెరుచుకుంటాయి.

ఎస్‌బాక్స్‌లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఎస్‌బాక్స్_మ్యాక్స్‌ప్రాప్స్. ఒక్కొక్కరు ఎన్ని వస్తువులు పుట్టించొచ్చో అది చెప్తుంది, డిఫాల్ట్ 200. లిమిట్ తగిలిందని మెసేజ్ రాగానే దీన్ని 5000 చేసేయమని సలహాలు వస్తాయి. చేయొచ్చు, ఇంజిన్ అడ్డు చెప్పదు. కానీ ఒకదాన్నొకటి రాసుకుంటూ కదిలే ప్రతి వస్తువుకూ ఫిజిక్స్ లెక్క సర్వర్ కట్టాలి. కదలకుండా ఫ్రీజ్ చేసిన వస్తువులు పెద్ద భారం కాదు, ఫ్రీజ్ చేయని ఒక చిన్న గుట్ట ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే చాలు, అందరికీ ఆట నత్తనడక నడుస్తుంది. నంబర్ పెంచేకంటే ఫిజిక్స్ గన్‌తో ఫ్రీజ్ చేసే అలవాటు నేర్పడం మేలు. అప్పటికే మునిగిపోతే హోస్ట్‌కు జీమోడ్_అడ్మిన్_క్లీనప్ ఉంది, అందరి వస్తువులూ ఊడ్చేస్తుంది. కొట్టే ముందు చాట్‌లో ఒక మాట చెప్పండి, లేదంటే గంటలు కూర్చుని వంతెన కట్టినవాడు ఊరుకోడు.

కాలంతో ఆడే రెండు కమాండ్లను పక్కపక్కన పెట్టి చూస్తే కన్సోల్ ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో తెలుస్తుంది. హోస్ట్_టైమ్‌స్కేల్ 0.2 పెడితే మీరు, డ్రమ్ము, శత్రువు, అన్నీ ఐదోవంతు వేగంతో కదులుతాయి. ఫిజ్_టైమ్‌స్కేల్ 0.2 పెడితే ఫిజిక్స్ వస్తువులే నెమ్మదిస్తాయి. మీరు మామూలుగా నడుచుకుంటూ వెళ్లి, కూలుతున్న పెట్టెల గుట్ట చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కింద పడకముందే మధ్యలోంచి ఒకదాన్ని లాగేయొచ్చు. వీడియోలు తీసేవాళ్లకు రెండోది బంగారం.

బైండ్ (ఒక కీకి కమాండ్ కట్టేయడం) విషయంలో అందరూ తట్టుకునే రాయి కొటేషన్ మార్కులు. క్యూ మెనూలో ఏదైనా వస్తువు మీద రైట్ క్లిక్ చేస్తే దాని మోడల్ దారిని కాపీ చేసుకునే వీలుంది. జీఎం_స్పాన్ అని రాసి ఆ దారి అతికిస్తే వస్తువు మీ ఎదురుగా ప్రత్యక్షమవుతుంది. ఈ మొత్తాన్ని కొటేషన్లలో పెట్టి, ముందు బైండ్ పీ అని రాస్తే, ఇక పీ నొక్కినప్పుడల్లా ఆ వస్తువే. ఇప్పుడు ఒకే కీకి రెండు పనులు పెట్టాలనుకోండి, మధ్యలో సెమీకోలన్ వాడాలి. కొటేషన్లు లేకుండా బైండ్ కే అన్‌డూ; కిల్ అని కొడితే ఏమవుతుంది? సెమీకోలన్ దగ్గర లైన్ రెండుగా తెగుతుంది. కే కీకి అన్‌డూ ఒక్కటే అతుక్కుంటుంది, కిల్ అప్పటికప్పుడే అమలై మీరు అక్కడే కుప్పకూలుతారు. అన్‌డూ, కిల్ రెండింటినీ కలిపి కొటేషన్లలో పెడితేనే అవి కీ లోపలికి వెళ్తాయి.

ప్లస్ గుర్తుతో మొదలయ్యే కమాండ్లు ఉన్నాయి, ప్లస్ ఫార్వర్డ్, ప్లస్ ఎటాక్ లాంటివి. కీ నొక్కగానే ప్లస్, వదలగానే మైనస్ దానంతటదే వెళ్తుంది. కన్సోల్‌లో చేత్తో ప్లస్ ఫార్వర్డ్ కొడితే వదలడానికి కీ లేదు కాబట్టి మీ పాత్ర గోడకు తలబాదుకుంటూ నడుస్తూనే ఉంటుంది. మైనస్ ఫార్వర్డ్ కొడితే ఆగుతుంది.

బైండ్‌లు కాన్ఫిగ్ ఫైల్‌లో సేవ్ అవుతాయి, ఆర్కైవ్ ఫ్లాగ్ ఉన్న వేరియబుల్స్ కూడా. ఎలియాస్‌తో మీరు తయారుచేసుకున్న షార్ట్‌కట్ కమాండ్లు మాత్రం సేవ్ కావు, గేమ్ మూసేస్తే పోతాయి. వాటిని సీఎఫ్‌జీ ఫోల్డర్‌లో ఆటోఎగ్జెక్ అనే ఫైల్‌లో రాసి పెట్టుకోవాలి, గేమ్ మొదలైన ప్రతిసారీ అది చదువుకుంటుంది. ఇదే ఫైల్ పేరుతో "ఎఫ్‌పీఎస్ డబుల్ చేసే కాన్ఫిగ్" (ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు గీసే బొమ్మల లెక్క) అంటూ వందల లైన్ల ఫైళ్లు తిరుగుతుంటాయి. వాటిలో చాలా లైన్లు డిఫాల్ట్ విలువనే మళ్లీ రాస్తాయి, కొన్ని చీట్ తాళం వల్ల మల్టీప్లేయర్‌లో పనిచేయనే పనిచేయవు. సీఎల్_షోఎఫ్‌పీఎస్ 1 పెట్టుకుని ఒక్కొక్క లైన్ మార్చి నంబర్ కదిలిందో లేదో చూడండి. కదలనివి తీసేస్తే ఫైల్ గుప్పెడు లైన్లకు కుదించుకుపోతుంది.

గ్యారీస్ మాడ్‌ను మిగతా సోర్స్ ఆటల నుంచి వేరు చేసేది లువా. లువా_రన్ అని రాసి పక్కన ఒక లువా వాక్యం ఇస్తే అది సర్వర్‌లో అమలవుతుంది. మ్యాప్‌లో ఉన్న ప్రాప్‌లన్నిటినీ వెతికి ఒకే వాక్యంతో ఎర్రగా మార్చొచ్చు, గాల్లోకి విసరొచ్చు, చెరిపేయొచ్చు. ఇది కమాండ్లన్నిటి కంటే పై మెట్టు, అందుకే హోస్ట్‌కు, సర్వర్ కన్సోల్‌కు తప్ప ఇంకెవరికీ అందదు. లువా_రన్_సీఎల్ మీ మెషీన్‌లో అమలు చేస్తుంది, కానీ దానికీ సర్వర్ ఎస్‌వీ_అలౌ‌సీఎస్‌లువా 1 పెట్టాలి. సాధారణంగా అది 0లోనే ఉంటుంది, కారణం వైర్‌ఫ్రేమ్ గురించి పైన చెప్పినదే.

సొంత కమాండ్ రాసుకోవడం కూడా లువాతోనే. కన్‌కమాండ్ డాట్ యాడ్ అనే ఫంక్షన్‌కు ఒక పేరు, ఒక ఫంక్షన్ ఇస్తే అయిపోతుంది. ఆ ఫంక్షన్‌కు కొట్టిన ఆటగాడు ఎవరు, ఏ కమాండ్, పక్కన ఏయే మాటలు రాశాడు అన్నవి వరసగా అందుతాయి. సర్వర్ వైపు ఇలా రాసిన కమాండ్‌ను ఏ ఆటగాడైనా తన కన్సోల్ నుంచి కొట్టగలడు. ఈ ఒక్క వాక్యం సరిగ్గా పట్టకపోవడం వల్ల కూలిన సర్వర్లు తక్కువేం కాదు.

ఎలాగంటే, డార్క్‌ఆర్‌పీ లాంటి రోల్‌ప్లే సర్వర్‌కు ఎవరో డబ్బులిచ్చే యాడాన్ రాస్తారు. అడ్మిన్‌లకు మాత్రమే కనిపించే మెనూ, అందులో ఒక బటన్, నొక్కితే డబ్బు ఇచ్చే కమాండ్ సర్వర్‌కు వెళ్తుంది. బటన్ మిగతావాళ్లకు కనిపించదు కాబట్టి భద్రమే అనుకుంటారు. కానీ క్లయింట్ వైపు స్క్రిప్టులు ప్రతి ఆటగాడి మెషీన్‌కూ డౌన్‌లోడ్ అవుతాయి, కమాండ్ పేరు అందులో రాసే ఉంటుంది. బటన్ లేకపోతేనేం, కన్సోల్ ఉంది. పేరు కొట్టాడు, కోటీశ్వరుడయ్యాడు. చెక్ పెట్టాల్సింది బటన్ దగ్గర కాదు, సర్వర్ ఫంక్షన్ మొదటి లైన్‌లో: ఈ ఆటగాడు అడ్మినేనా?

అక్కడ కూడా చిన్న ఉచ్చు ఉంది. అదే కమాండ్‌ను డెడికేటెడ్ సర్వర్ సొంత కన్సోల్ నుంచి కొడితే ఆటగాడంటూ ఎవరూ ఉండరు, అతని స్థానంలో ఖాళీ ఎంటిటీ (ఆటలో ఏదీ కాని వస్తువు) వస్తుంది. దాన్ని పట్టుకుని అడ్మినేనా అని అడిగితే ఎర్రర్. ముందు ఆటగాడు నిజంగా ఉన్నాడా అని చూసి, ఉంటేనే అడ్మిన్ సంగతి అడగాలి. ఇక పక్కన రాసిన మాటలన్నీ ఉత్త అక్షరాల వరసలుగా, అంటే స్ట్రింగ్స్‌గానే వస్తాయి, నంబర్లుగా మార్చుకోవడం మీ పని. మార్చాక అది సున్నా కంటే ఎక్కువో కాదో చూడాలి. లేదంటే ఎదుటివాడికి మైనస్ 500 "ఇచ్చి", అతని జేబులోంచి 500 తెచ్చుకునే తెలివైనవాడు మొదటి వారంలోనే తగులుతాడు.

ఇదంతా సర్వర్‌ను ఆటగాళ్ల నుంచి కాపాడుకోవడం. తిరగేస్తే, సర్వర్ నుంచి ఆటగాణ్ని కాపాడటం కూడా ఉంది. కౌంటర్ స్ట్రైక్ 1.6 రోజుల్లో కొన్ని సర్వర్లు మీరు చేరగానే మీ కన్సోల్‌లోకి కమాండ్లు తోసి, కీలు, సెట్టింగ్స్ మార్చేసేవి. స్లో హ్యాక్ అనేవాళ్లు. నెట్ సెంటర్‌లో ఒక సిస్టమ్ మౌస్ మాత్రమే ఎందుకు పిచ్చిగా తిరుగుతోందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. గ్యారీస్ మాడ్‌లో సర్వర్ స్క్రిప్టులు మీ కన్సోల్‌లో నడపగల కమాండ్ల మీద ఆంక్షలున్నాయి. హాని చేసేవి, చిరాకు పెట్టేవి చాలావరకు అడ్డుకుంటుంది. ఆ అడ్డు లేనిది మీ చేతులకే. చాట్‌లో ఎవరో "ల్యాగ్ పోవాలంటే ఇది కొట్టు" అని అన్‌బైండ్ఆల్ అనే మాట ఇస్తారు. కొట్టగానే కీబోర్డ్‌లో దాదాపు ఏ కీ పనిచేయదు, నడవడానికి కూడా. ఆప్షన్స్‌లో కీబోర్డ్ ట్యాబ్‌కు వెళ్లి యూజ్ డిఫాల్ట్స్ నొక్కితే మామూలు కీలు తిరిగొస్తాయి. మీరు సొంతంగా పెట్టుకున్న బైండ్‌లు మాత్రం రావు, వాటిని ఆటోఎగ్జెక్‌లో రాసుకుని ఉంటే తప్ప.